ఫోన్‌లో గాలి బాగుందంట, మరి బాల్కనీలో ఈ మసి ఎక్కడిది?

ప్రశ్న: మాది తిరుపతి. లీలామహల్ సర్కిల్‌కి దగ్గర్లో, మెయిన్ రోడ్డు మీదే మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. బాల్కనీలో నిలబడితే ఎదురుగా శ్రీనివాస సేతు ఫ్లైఓవర్. బాబుకి ఏడేళ్లు. రెండేళ్లుగా చలికాలం వస్తే చాలు, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు. రెండుసార్లు నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతుంది, తులసాకుని వేలితో తుడిస్తే నల్లటి మసి. మా ఆయనేమో ఫోన్ చూపించి, "ఏక్యూఐ 70, సంతృప్తికరం అని రాసుంది, మనదేమన్నా ఢిల్లీనా, కొండగాలి తగిలే ఊరు" అంటారు. తెలిసినవాళ్లు ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటున్నారు, పదిహేను వేలంట. ఇల్లు మారదామంటే అత్తమ్మ ఒప్పుకోరు, బస్టాండు, గుడి, మార్కెట్టు అన్నీ దగ్గరని. పొద్దున బాబుని స్కూటీ ముందు నిలబెట్టుకుని నేనే బడికి దింపుతాను. మేమేం చెయ్యాలి? – ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు మీ ఇద్దరి తగాదా తేల్చేద్దాం. మీ ఆయన చూపించిన 70 అబద్ధం కాదు, మీ తులసాకు మీది మసీ అబద్ధం కాదు. ఆ అంకె ఊరిది, ఈ మసి మీ వీధిది. రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఫోన్‌లో ఆ అంకె మీద ఒకసారి నొక్కి చూడమనండి, అది ఏ కేంద్రం నుంచి వస్తోందో కింద పేరుంటుంది. తిరుపతి పేరు మీద కనిపించే కాలుష్య నియంత్రణ మండలి యంత్రాల్లో ఒకటి కొండ మీద తిరుమలలో ఉంది, ఇంకొకటి కింద వైకుంఠపురంలో. తిరుమల అడవి మధ్యలో కొలిచిన గాలిని చూసి లీలామహల్ సర్కిల్లో పిల్లోడు ఏం పీలుస్తున్నాడో చెప్పగలమా? కొన్ని యాప్‌లయితే యంత్రం లేని చోట ఉపగ్రహం లెక్కలూ కంప్యూటర్ అంచనాలూ కలిపి ఒక అంకె వేసేస్తాయి, అది మనకి చెప్పను కూడా చెప్పవు. పైగా ఏక్యూఐ అనే మన జాతీయ గాలి నాణ్యతా సూచీ 24 గంటల సగటు మీద నడుస్తుంది, అందుకే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మీ గుమ్మం ముందు కమ్మిన పొగ, తెల్లవారుజామున రెండింటికి ఖాళీ రోడ్డు మీద ఉండే గాలితో కలిసి సగటైపోతుంది. మీ బాబు సగటు గాలి పీల్చడు కదా, ఆ గంటకి ఏ గాలి ఉంటే అదే పీలుస్తాడు.

ఇంకో సంగతి. 'సంతృప్తికరం' అంటే సూచీలో 51 నుంచి 100 దాకా. పీఎం 2.5 అనే సన్న ధూళి లెక్కలో చూస్తే ఘనపు మీటరు గాలికి 31 నుంచి 60 మైక్రోగ్రాములు. రోజు సగటుకి మన దేశం పెట్టుకున్న హద్దు 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించి చెప్పిన హద్దు 15. నాలుగింతల తేడా. ఆ 'సంతృప్తికరం' అన్న గడిలోనే, సున్నితంగా ఉండేవాళ్లకి ఊపిరి కాస్త ఇబ్బంది కావచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే రాసిపెట్టింది. పిల్లికూతలతో రాత్రి లేచి కూర్చునే ఏడేళ్ల పిల్లోడి కంటే సున్నితమైనవాళ్లు ఇంకెవరుంటారు? ఇది మీ ఆయనకి చదివి వినిపించండి, గొడవ పెట్టుకోవద్దు, ఆయన అంకెతోనే ఆయనకి చెప్పొచ్చు.

ఇప్పుడు మీ వీధి. లండన్‌లో ఒక పరిశోధన చేశారు, 2007లో బయటికొచ్చింది. ఉబ్బసం ఉన్న అరవై మంది పెద్దవాళ్లని ఒకరోజు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండు గంటలు నడిపించారు, ఇంకో రోజు దానికి దగ్గర్లోనే ఉన్న హైడ్ పార్కులో అంతే సేపు నడిపించారు. ఆ వీధిలో తిరిగేవి దాదాపు అన్నీ డీజిల్ బస్సులు, ట్యాక్సీలు. వీధిలో నడిచిన రోజు వాళ్ల ఊపిరితిత్తుల బలం పార్కులో నడిచినప్పటికంటే స్పష్టంగా పడిపోయింది, ఒక దశలో ఆరు శాతం దాకా. ఊరు అదే, మనుషులు వాళ్లే, మారింది వీధి ఒక్కటే. కాలిఫోర్నియాలో మూడున్నర వేలకి పైగా పిల్లల్ని పదేళ్ల వయసు నుంచి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా గమనించారు. హైవేకి 500 మీటర్ల లోపు పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు, కిలోమీటరున్నర అవతల పెరిగినవాళ్ల కంటే తక్కువగా ఎదిగాయి, ఆ ఊరి మొత్తం గాలి బాగున్నా సరే. వాళ్ల హైవే ముందు మీ రోడ్డు చిన్నదే, కాబట్టి ఆ 500 మీటర్ల లెక్క మీకు అట్లే సరిపోదు, కానీ బండి పొగ దూరంతో పాటు వేగంగా పలచబడుతుందనేది మాత్రం ఏ ఊరికైనా వర్తిస్తుంది. రోడ్డు అంచున ఉండేదానికీ, రెండు మూడు వీధులు లోపలికి పోయాక ఉండేదానికీ చాలా తేడా.

మరి ఆ మసి ఏంటంటే, సగం డీజిల్ సరిగ్గా కాలక వచ్చే నల్ల కర్బనం, మిగతాది టైర్లు అరిగిన పొడి, బ్రేకుల పొడి, రోడ్డు మీద పడి ఉన్న దుమ్ము బళ్ల గాలికి మళ్లీ లేచింది. (ఎలక్ట్రిక్ బండికి పొగ ఉండదు కానీ టైరు అరగకుండా పోదు, అది గుర్తుంచుకోవాలి.) సగం అని నేను ఉజ్జాయింపుగా అన్నాను, మీ ఇంటి మీది పాళ్లు కొలిస్తే కానీ తెలియవు. అసలు సంగతి ఏంటంటే, మీ చొక్కా మీద కనిపించేది పెద్ద రేణువులు, అవి ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. లోపలిదాకా పోయేవి కంటికి కనపడవు. వాటితో పాటు నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు ఉంటుంది, దానికి మసీ ఉండదు, తుడవడానికీ రాదు, ఉబ్బసం ఉన్న పిల్లల శ్వాసనాళాల్ని చిరాకు పెట్టడంలో మాత్రం దానిది పెద్ద చెయ్యి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చి చెప్పింది.

మీరున్న చోటు ఎందుకు ఇంత ఘోరమంటే, అది కూడలి. బండి ఒకే వేగంతో పోతుంటే వదిలే పొగ వేరు, ఆగి, కదిలి, మళ్లీ ఆగి, మొదటి గేరులో ఈడ్చుకుంటూ పోయేటప్పుడు వదిలేది వేరు. సేతు వచ్చాక పైన పోయే బళ్లు మీ దగ్గర ఆగకుండా పోతున్నాయి, అది మేలే. కింద మిగిలినవి మాత్రం ఆటోలు, బస్సులు, లాడ్జి ముందు ఇంజిన్ ఆపకుండా ఏసీ వేసుకుని యాత్రికుల కోసం కాచుకునే టెంపో ట్రావెలర్లు. రెండు పక్కలా లాడ్జీలు, మేడలు, మధ్యలో పైన వంతెన, గాలి అడ్డంగా వీచి ఈ పొగని తోసెయ్యడానికి దారెక్కడుంది? తమిళుల పెరటాసి నెల శనివారాలు ఎట్లుంటాయో మీకు నేను చెప్పాలా, తమిళనాడు బళ్లు బారులు తీరి ఉంటాయి. అయినా ఆ నెలల్లో వాన పడి గాలిని కడిగేస్తుంటుంది. మీ బాబుకి ఎక్కువయ్యేది చలికాలం అన్నారు, అది వానలు ఆగిపోయాక, గాలి కదలని చల్లని రాత్రుల్లో. అప్పుడు నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చటి పొర ఒకటి గిన్నె మీద మూతలాగా కూర్చుంటుంది, పొగ పైకి పోలేక మన ముక్కుల ఎత్తులోనే పొద్దునదాకా తిరుగుతూ ఉంటుంది. ఎండ బాగా వచ్చి నేల వేడెక్కితే కానీ అది విడిపోదు. చంద్రగిరి దాటాక గాదంకిలో పెద్ద రాడార్లు పెట్టుకుని శాస్త్రవేత్తలు చూసేది ఇలాంటి గాలి పొరల కదలికల్నే, ఇంత పెద్ద ప్రయోగశాల పక్కనే ఉన్న ఊళ్లో ఉంటూ మనం ఫోన్‌లో ఒక్క అంకె చూసి సరిపెట్టుకుంటున్నాం.

కొత్త బళ్లు మెరుగే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అనే కొత్త పొగ ప్రమాణం వచ్చింది, డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లకి 50 నుంచి 10కి దిగింది, డీజిల్ కారు కిలోమీటరుకి వదలగలిగే మసి హద్దు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి తగ్గింది. తిరుమల ఘాట్ రోడ్డు మీద 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, అలిపిరి వైపు నడిచేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. కానీ పాత బళ్లు రోడ్డు మీద నుంచి పోలేదుగా. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు చాలామంది. ఆ పరీక్షలో పెట్రోలు బండికి చూసేది కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు, డీజిల్ బండికి చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నది. నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు, సన్న ధూళి బరువు చూడరు. ఆ కాగితం వద్దనడం లేదు, నల్లపొగ కక్కే బండిని పట్టుకోవడానికి అది పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు.

సరే, మీరేం చెయ్యాలి. డబ్బు ఖర్చు లేని వాటితో మొదలుపెడదాం.

బాబు మంచం ఏ గదిలో ఉంది? రోడ్డు వైపు గదిలో అయితే ఈ రోజే వెనక గదికి మార్చండి, అది ఇరుగ్గా ఉన్నా సరే, అత్తమ్మ గది అదే అయితే ఆమెని బతిమాలుకోండి. రాత్రిపూట తొమ్మిది పది గంటల పాటు పిల్లోడు ఉండేది ఆ ఒక్క చోటే, కాబట్టి మీరు చేసే మిగతా పనులన్నిటికంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది. రోడ్డు వైపు కిటికీలు, బాల్కనీ తలుపు సాయంత్రం ఐదు నుంచి ట్రాఫిక్ పలచబడేదాకా, పొద్దున బడులకీ ఆఫీసులకీ జనం పోయే వేళ మూసెయ్యండి. ఎండ ఎక్కాక, పదకొండు నుంచి నాలుగు దాకా, వెనకవైపు కిటికీలు తెరిచి ఇంట్లో గాలి మార్చుకోండి. ఇల్లంతా ఇరవై నాలుగు గంటలూ మూసిపెట్టుకుంటే వంటింటి పొగ లోపలే తిరుగుతుంది, అదీ మంచిది కాదు. బట్టలు కూడా మిద్దె మీద వెనకవైపు ఆరేయండి. బాల్కనీని చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డ పెట్టండి.

మీరు రాయలేదు కానీ అడుగుతున్నా, రాత్రిపూట దోమల కాయిల్ వెలిగిస్తారా? ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని ఒక పరిశోధనలో లెక్క తేలింది. రోడ్డు పొగ లోపలికి రాకుండా కిటికీలు మూసి, మూసిన గదిలో కాయిల్ పెట్టి పడుకునే ఇళ్లు మన ఊళ్లో తక్కువేం లేవు. దోమతెర కట్టండి, కిటికీలకి జాలీ కొట్టించండి. సాంబ్రాణి, అగరుబత్తి కూడా బాబు దగ్గినన్ని రోజులు పక్కన పెట్టమని అత్తమ్మకి చెప్పండి, దేవుడికి దీపం చాలు.

తర్వాత ఆ స్కూటీ ప్రయాణం. ఏడేళ్ల పిల్లోణ్ని ముందు నిలబెట్టుకోవడం గాలి సంగతి అటుంచి మామూలుగానే ప్రమాదం, వెనక కూర్చోబెట్టి హెల్మెట్ పెట్టండి. గాలి విషయంలో మీకు కలిసొచ్చేవి రెండే, దారీ వేళా. మెయిన్ రోడ్డు దగ్గరి దారి అయినా సరే, లోపలి వీధుల్లోంచి పోండి, ఐదు నిమిషాలు ఎక్కువైనా పర్లేదు, బళ్లు తక్కువుండే వీధిలో పీల్చే పొగ నిజంగానే తక్కువ. బడి గంటకి ముందే, రద్దీ ముదరకముందే బయల్దేరితే ఇంకా మేలు. సిగ్నల్ దగ్గర బస్సు వెనకాలో ఆటో వెనకాలో అతుక్కుపోయి ఆగొద్దు, రెండు బళ్లంత దూరం వదిలెయ్యండి, వెనకాల వాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. ముఖానికి కట్టుకునే చున్నీ, కర్చీఫ్ ఎండకీ పెద్ద దుమ్ముకీ పనికొస్తాయి, సన్న ధూళిని ఆపవు. ఎన్95 ఆపుతుంది, కానీ పిల్లల ముఖానికి సరిగ్గా అతికేది దొరకడం కష్టం, అంచుల్లోంచి గాలి పోతే ఉన్నా లేనట్టే. వాయువుల్ని అదీ ఆపదు. సాయంత్రం ఆటలు సర్కిల్ పక్కన సందులో వద్దు, కుదిరిన రోజు ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల వైపు తీసుకుపోండి.

ప్యూరిఫయర్ సంగతి. పనికిరాదని చెప్పను, కానీ మొదట కొనాల్సింది అది కాదు. హెపా ఫిల్టర్ ఉన్నదైతే ధూళిని బాగానే పడుతుంది, నైట్రోజన్ డయాక్సైడుని మాత్రం పట్టదు, దానికి వేరే కర్బనం ఫిల్టర్ కావాలి, చౌక యంత్రాల్లో ఉండే పలచటి కర్బనం పొర పెద్దగా చేసేదేమీ లేదు. తలుపులు మూసిన గదిలోనే అది పనిచేస్తుంది. మే నెలలో తిరుపతిలో ఏసీ లేకుండా గది మూసుకుని పడుకోగలరా మీరు? చలికాలం మూడు నెలలకీ, వెనక గదికీ మాత్రమే కొంటామంటే అర్థం ఉంది. అప్పుడు పెట్టె మీద సీఏడీఆర్ అనే అంకె చూడండి, గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెప్తుంది. పదడుగులు పన్నెండడుగుల గది, పదడుగుల ఎత్తు అంటే సుమారు 34 ఘనపు మీటర్లు, గంటకి ఐదుసార్లు ఆ గాలంతా శుభ్రం కావాలంటే 170 అయినా ఉండాలి. ఫిల్టర్ మార్చడానికి ఏడాదికి ఎంతవుతుందో ముందే అడగండి. అయనైజర్, ఓజోన్ అని గొప్పగా చెప్పేవి అసలు వద్దు, ఓజోన్ ఉబ్బసం పిల్లలకి చెడుపే చేస్తుంది.

మందు సంగతి మాత్రం నేను తేలిగ్గా వదలను. రెండుసార్లు నెబులైజర్ దాకా పోయిందంటే ఈ చలికాలం రాకముందే రుయా ఆసుపత్రిలోనో, మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరు దగ్గరో చూపించి, రోజూ వాడే మందు అవసరమా అని అడగండి. ఇన్‌హేలర్ రాస్తే భయపడొద్దు. "అలవాటైపోతుంది, జీవితాంతం వదలదు" అని చుట్టాలు అంటారు, అది ఉత్త మాట. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి వాడితే మందు కొంచెమే, అదీ నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు బాబుకి ఎక్కువైన రాత్రులు ఏవి, ఆ రోజు ఏం జరిగింది, బయట ఎంతసేపున్నాడు, ఇంట్లో పొగ వేశారా, జలుబు చేసిందా, ఇవి ఒక నోటుబుక్కులో రాసి తీసుకుపొండి. ఎందుకంటే అన్నీ ట్రాఫిక్ మీదే తోసెయ్యడం కూడా తప్పే, పిల్లల్లో పిల్లికూతలు ఎక్కువసార్లు జలుబు వైరస్‌తోనే మొదలవుతాయి, ఈ పొగ దాన్ని ముదరబెడుతుంది. పక్కటెముకలు లోపలికి గుంజుతూ ఊపిరి తీసుకుంటున్నా, మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా నోటుబుక్కు పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి.

లాడ్జి ముందు ఇంజిన్ ఆన్ చేసుకుని నిలబడే ట్రావెలర్ డ్రైవర్లని మీరొక్కరే పోయి అడిగితే మీదే తప్పంటారు. లాడ్జి మేనేజరుతో మాట్లాడితే పని జరిగే అవకాశం ఎక్కువ, పార్కింగ్ స్థలం లోపలికి మార్చడమో, ఇంజిన్ ఆపమని బోర్డు పెట్టడమో వాళ్ల చేతిలో ఉంది. మీ మేడలో ఉన్న నాలుగు కుటుంబాలూ కలిసి పోండి. చిత్తూరు పేరు జాతీయ స్వచ్ఛ గాలి పథకం ఊళ్ల జాబితాలో ఉంది. పక్క జిల్లాలో ఆ పట్టింపు ఉన్నప్పుడు మన కార్పొరేషన్‌ని కూడా రోడ్డు దుమ్ము ఊడ్చే యంత్రాలు ఎన్ని రోజులకొకసారి మీ వీధికి వస్తాయని అడగడంలో తప్పేం లేదు. వీటికి ఏళ్లు పడుతుంది, అందుకే మంచం మార్చడం ముందు చెప్పాను.

ఇక ఇల్లు. ఒక చలికాలం ఇవన్నీ చేసి చూడండి, బాబుకి తగ్గితే సరే. తగ్గకపోతే మారండి, అత్తమ్మని ఒప్పించండి. ఊరు వదిలి మంగళం అవతలికో తిరుచానూరు అవతలికో పోవాల్సిన పని లేదు, ఇప్పుడున్న చోటు నుంచి మూడు నాలుగు వీధులు లోపలికి జరిగినా చాలు, మార్కెట్టూ గుడీ ఆమెకి అందుబాటులోనే ఉంటాయి. సందు అని తక్కువ చేసి చూడొద్దు, ఆ అద్దె కూడా కాస్త తక్కువే ఉంటుంది. ఇల్లు చూడ్డానికి బ్రోకరు పొద్దున పదకొండింటికి తీసుకుపోతాడు, అప్పుడు ఏ వీధైనా బాగానే కనపడుతుంది. మీరు శనివారం సాయంత్రం ఆరున్నరకి మళ్లీ ఒకసారి పోండి, పడగ్గది కిటికీ దేనివైపు ఉందో చూడండి, కింద జనరేటర్ ఉన్న లాడ్జి గానీ, ఆటో స్టాండు గానీ, టూరిస్టు బస్సులు ఆగే స్థలం గానీ ఉందా చూడండి, కిటికీ చువ్వల మీద వేలు పెట్టి తుడిచి చూడండి, ఓనరు ఏమనుకున్నా పర్లేదు.